డిక్కీలోకి చల్లగాలి

నేను ఒక గాలిగొట్టాన్ని. ఆరడుగుల పొడవు, జానెడుకు కొంచెం తక్కువ వెడల్పు, ఒళ్లంతా ముడతలు. కానీ ఆ ఫోను మోగిన నిమిషానికి నేనింకా గాలిగొట్టాన్ని కాలేదు. విజయవాడ ఆటోనగర్‌లో కారు ఏసీలు బాగుచేసే సుభానీ షెడ్డులో, గోడ మేకుకు వేలాడుతున్న వంటింటి చిమ్నీ పైపు ముక్కను. ఎవరింట్లోనో బిగించగా మిగిలితే తెచ్చి తగిలించాడు. పొగ మొయ్యడానికి పుట్టి, ఒక్క పోపు ఘాటైనా ఎరగకుండా దుమ్ము పట్టి ఉన్నాను.

మోగింది హేమచంద్ర ఫోను. అతను తన ఎత్తు కారు ఏసీ చూపించుకోవడానికి వచ్చి, సుభానీకి టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాడు. ఒక చెయ్యి ఖాళీ లేక ఫోనును స్పీకరులో పెట్టాడు. అందుకే ఆ శుభవార్త షెడ్డంతా విన్నది.

“ఒప్పుకున్నారు చందూ! పైడిరాజుగారు ఒప్పుకున్నారు!”

“రెండిటికీనా?”

“రెండిటికీ! గుమ్మం ముందు ముగ్గు మాత్రం తొక్కకూడదుట. అదొక్కటే షరతు. పైగా వరండా ఉంది చందూ, పొద్దుటెండ పడుతుంది, కుండీలు పెట్టుకోవచ్చు, జామచెట్టు కొమ్మ మన కిటికీలోకే వచ్చింది!”

హేమచంద్ర టార్చిలైటు ఆకాశం వైపు తిరిగిపోయింది. కారు కింద చీకట్లో ఉండిపోయిన సుభానీ, “సార్, లైటు నాక్కావాలి, దేవుడికి కాదు” అన్నాడు.

ఫోనులో గొంతు అతని భార్య నీలవేణిది. వాళ్ల పెళ్లయి అప్పటికి నాలుగు నెలలు. ఆమె విజయనగరంలో డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్రం లెక్చరరు, ఉంటున్నది ఆడవాళ్ల హాస్టల్లో. అతను విజయవాడలో ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు మీద ఉద్యోగం చేసుకుంటాడు, ఏ ఊరినుంచైనా చెయ్యగలడు. కాబట్టి కలిసి ఉండడానికి అడ్డు ఉద్యోగాలు కావు, రెండు కుక్కలు. ఒకటి జాంగ్రీ, తొమ్మిదేళ్ల లాబ్రడార్, పేరుకు తగ్గట్టే బంగారు రంగు, గుండ్రటి ఒళ్లు. రెండోది కారప్పూస, వీధిలో దొరికింది, సన్నగా కరకరలాడుతూ ఉంటుంది. కుక్కలనగానే విజయనగరంలో పదమూడిళ్లవాళ్లు తలుపులు వేసేశారు. పైడిరాజుగారిది పద్నాలుగో తలుపు.

ఇక మిగిలింది కుక్కల్ని అక్కడికి చేర్చడం. అదంత తేలిక కాదు. జాంగ్రీకి గొంతు కండరాలు వదులయ్యాయి. కుక్కలకు మనుషుల్లా చెమట పట్టదట, నాలుక చాపి వగర్చి ఒంటి వేడి బయటికి పంపుకుంటాయట. జాంగ్రీకి ఆ వగర్పు సరిగ్గా రాదు. “వేడి తగిలిందా, ప్రాణం మీదికొస్తుంది” అని డాక్టరు ముందే చెప్పాడు. కారులో ఏసీ ఉంది కానీ, ముందు సీట్ల మధ్యనున్న జాలీలోంచి వచ్చే గాలి మధ్య సీటుతో ఆగిపోతుంది. కుక్కలుండే డిక్కీ దాకా పోదు.

సుభానీ గడ్డం గోక్కుని గోడలన్నీ కలియజూశాడు. మేకు మీద నేను కనబడ్డాను.

అరగంటలో నాకో జన్మ ఇచ్చాడు. ఐస్‌క్రీమ్ డబ్బా అడుగు కోసి నాకు ముందు నోరు చేశాడు, అది ఏసీ జాలీకి సరిగ్గా అతుక్కుంది. వెనకవైపు కుక్కలు కొరక్కుండా ఉల్లిపాయల బుట్ట ముక్క వల కట్టాడు. మధ్య సీటు పక్కనుంచి, సీటు వీపు మీదుగా డిక్కీలోకి దింపాడు. బ్లోయరు తిప్పగానే ఒళ్లు జివ్వుమంది. నాలోంచి ఏదో పోతోంది, నన్నెవరో వాడుకుంటున్నారు. ఆ సంతోషం ఎలాంటిదో మేకుకు వేలాడిన వాళ్లకే తెలుస్తుంది.

“కుక్కలకి ఏసీ పెట్టించే మొగుణ్ణి ఇప్పుడే చూస్తున్నా. మీ మేడమ్‌కి ఏం పెట్టిస్తారో మరి!” అని నవ్వి, తర్వాత సుభానీ మెల్లగా చెప్పాడు: “సార్, ఒకటి గుర్తుపెట్టుకోండి. మధ్య సీటుకీ పైకప్పుకీ నడుమ సందుంది చూశారా, దాన్ని మాత్రం మూయొద్దు. ఇక్కణ్ణుంచి చల్లగాలి పోవాలంటే అక్కణ్ణుంచి వేడిగాలి వెనక్కి రావాలి. దారి లేకపోతే ఈ పైపు ఉత్త బొమ్మే.”

“ఆఁ, ఆఁ, సరే సుభానీ” అన్నాడు హేమచంద్ర. కళ్లు ఫోను మీదున్నాయి. నీలవేణి జామకొమ్మ ఫొటో పంపింది. అతను దానికి బదులుగా ఎర్ర హృదయాలు నొక్కుతున్నాడు, ఒకటి కాదు, వరసగా. నేను విన్నాను. షెడ్డులో ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

శనివారం ప్రయాణం. నీలవేణి ముందురోజే బస్సులో వచ్చేసింది, అందరం కలిసి వెళ్లాలని. తెల్లవారి అయిదింటికి బయల్దేరితే ఎండ ముదిరేసరికి చాలా దూరం పోతామని హేమచంద్ర లెక్క. ఆ లెక్క అతని తల్లి రాజ్యలక్ష్మిగారి ముందు చెల్లలేదు. కొత్త కాపురానికి పాలు పొంగించడానికి ఆవిడ కూడా వస్తోంది.

“పది ముప్పావు దాకా వర్జ్యంరా. కొత్తింటికి వెళ్తూ వర్జ్యంలో గడప దాటతారా ఎవరన్నా?”

“ఎండమ్మా, జాంగ్రీకి పడదు.”

“ఏదో గొట్టం పెట్టించావుగా! దేనికది మరి?”

అదీ మాట. నేనున్నానన్న ధైర్యంతో వాళ్లు పదకొండింటికి బయల్దేరారు. నేను లేకపోతే అయిదింటికే వెళ్లేవారు. ఈ సంగతి తర్వాత చాలాకాలం తలుచుకున్నాను.

రాజ్యలక్ష్మిగారు చెడ్డ మనిషి కాదు. కుక్కల కోసమని ముందురోజు తనే వెళ్లి నాలుగు వట్టివేళ్ల తడికలు కొనుక్కొచ్చింది. మూడింటిని తడిపి డిక్కీ అద్దాలకు కట్టించింది, నాలుగోది అదనానికి ఉంచింది. నీలవేణి వాటిని ముక్కుకు ఆనించుకుని మురిసిపోయింది. వట్టివేళ్లు నేలను కోత నుంచి ఎలా కాపాడతాయో అత్తగారికి పాఠం చెప్పింది. డిక్కీ అంతా తొలకరి మట్టి వాసన. జాంగ్రీ చిన్నగా మూలిగి వాలిపోయాడు. కారప్పూస ఒక వేరు పీకి నమిలింది.

మధ్య సీటులో రాజ్యలక్ష్మిగారు, దేవుడి పటాలు, పాలగిన్నె, పులిహోర డబ్బా, వాటి పక్కనే నేను. ముందు సీట్లలో కొత్త జంట. గోదావరి దాకా నా అంత సుఖపడిన గొట్టం ఉండదు. ఈ చివర పెళ్లికబుర్లు, ఆ చివర కుక్కల కునుకు, మధ్యలో నా ఒంట్లోంచి ఆగకుండా చల్లగాలి. అయినా ఒకటి చెప్పాలి. చల్లదనం నాలోంచి పోతుందే కానీ నాకంటూ మిగలదు. ముందున్నవాళ్లు నన్ను మరిచిపోయారు, వెనకున్నవాళ్లకు నేనున్నానని తెలియదు. బాగా పనిచేసేదాన్ని ఎవరూ పట్టించుకోరని ఆ దారిలోనే అర్థమైంది.

వాళ్ల కబుర్లు మాత్రం భలే ఉండేవి. నీలవేణి ఇద్దరే ఉన్నప్పుడు భర్తను చందూ అంటుంది. అత్తగారు కారెక్కగానే “ఏమండీ” అయిపోయింది. ఆ మాట అలవాటు లేక ప్రతిసారీ కొద్దిగా తడబడుతుంది, అతను ప్రతిసారీ కిసుక్కున నవ్వుతాడు.

“ఏమండీ, అద్దం దించనా?”

“దించండి మేడమ్.”

“నవ్వకండి, స్టీరింగు చూడండి.”

గోదావరి వంతెన దాటాక ముంజల బండి దగ్గర ఆగారు. అప్పటికి ఒంటిగంటన్నర. హేమచంద్ర డిక్కీ తెరిచి కుక్కలకు నీళ్లు పెట్టాడు. జాంగ్రీ తాగి, చెయ్యి నాకి, మళ్లీ పడుకున్నాడు. బాగానే ఉన్నాడు. నీలవేణి ముంజను బొటనవేలితో నొక్కి పీల్చబోతే చీర మీదికి చిమ్మింది, ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. ఈలోగా రాజ్యలక్ష్మిగారు తడికలకు మళ్లీ నీళ్లు పోయించింది. పోయించి, మెడ తడుముకుంటూ అంది:

“అంతా బానే ఉంది కానీరా, నా మెడ మీదికి కుక్కల వాసన ఒకటే కొడుతోంది. ఆ నాలుగో తడిక ఇటివ్వు.”

సీటు వీపుకూ పైకప్పుకూ మధ్యనున్న సందుకు ఆ తడిక కట్టేశారు. నాకు చోటుంచి, నా చుట్టూ పాత తువ్వాలు కుక్కి మరీ కట్టారు.

“చల్లదనం కూడా వాటికే ఉంటుందిలే అత్తయ్యా, బయటికి పోకుండా” అంది నీలవేణి. హేమచంద్ర తాడు ముడేశాడు. ముగ్గురూ ప్రేమతోనే చేశారు.

కారు కదిలిన కాసేపటికి నా గొంతులో గాలి బరువెక్కింది. ముందునుంచి తోస్తున్నారు, వెనక చోటు లేదు. నిండిన కుండలో ఇంకా నీళ్లు పోస్తున్నట్టుంది. గాలి నాలోనే తచ్చాడి, ముందు నోటి అంచుల్లోంచి బయటికి జారిపోవడం మొదలుపెట్టింది. డిక్కీలో ఉన్న గాలి ఉన్నట్టే ఉండిపోయింది. తడికలు చెమరుస్తున్నాయి, అద్దాలకు ఆవిరి పట్టింది, ఎండ పైనుంచి కాలుస్తోంది. ఆ తడిగాలిలో ఎంత వగర్చినా ఒంటి వేడి దిగదు. జాంగ్రీ లేచి కూర్చున్నాడు. మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేచాడు. కారప్పూస సీటు వీపును గోకింది, తడికను పళ్లతో లాగింది.

“ఏయ్, గోల చెయ్యకు!” అని రాజ్యలక్ష్మిగారు ఇవతలనుంచి చప్పట్లు కొట్టింది.

నాకు నోరుంది, అదీ రెండువైపులా. మాటే లేదు. రెండు చోట్లా ఒకేసారి ఉండి, ఇక్కడి సంగతి అక్కడ, అక్కడి సంగతి ఇక్కడ చెప్పలేకపోవడమంత ఒంటరితనం ఇంకోటి ఉంటుందనుకోను. ముందు సీట్లో పాటలు. వరండాలో ఏ కుండీ ఎక్కడ పెట్టాలో పోట్లాట. మల్లె కుడివైపా ఎడమవైపా అని పందెం. ఆరడుగుల అవతల ఒక ముసలి కుక్క ఊపిరి కోసం వెతుక్కుంటోంది.

టోల్‌గేటు దగ్గర కారు ఆగింది. కిటికీ దించడానికి హేమచంద్ర పాట ఆపాడు, బ్లోయరు తగ్గించాడు. అప్పుడు రాజ్యలక్ష్మిగారు నా వైపు వంగింది.

“ఏరా, ఈ గొట్టం గురక పెడుతోందేంట్రా?”

గాలి పోని గొట్టంలోంచి శబ్దం వచ్చింది. జాంగ్రీ ఊపిరి, రంపం కోసినట్టు, నా ముడతల మీదుగా పాకి ముందు నోటి దాకా వచ్చింది. నేను పలికానంటే అది నా గొప్ప కాదు, నాలోపలి ఖాళీ పలికింది.

హేమచంద్ర నవ్వాడు. “గొట్టం కాదమ్మా, జాంగ్రీగాడు. వాడికి గురక ఎక్కువ. పెళ్లికి ముందు ఈ సంగతి నీలూ దగ్గర దాచిపెట్టాం.”

“మీ గురక కూడా దాచారు” అంది నీలవేణి. అందరూ నవ్వారు. గేటు లేచింది. కారు వెళ్లింది.

కానీ ఆమె పాట మళ్లీ పెట్టలేదు. కాసేపటికి వెనక్కి తిరిగి, మధ్య సీటులోకి సగం ఒంగి, నా మీద చెవి ఆనించింది. ఆమె చెవి జుంకా నా ముడతల్లో ఇరుక్కుంది.

“ఏమండీ... నిద్రపోయేవాళ్లు ఇంత గబగబా ఊపిరి తీస్తారా?”

“కలలో పరిగెడుతుంటాడులే. ముందు పెట్రోలు బంకుంది, అక్కడ చూద్దాం.”

ఆమె ఇంకో నాలుగు ఊపిర్లు లెక్కపెట్టింది. అంతే.

“చందూ, ఆపు! ఇక్కడే ఆపు!”

అత్తగారి ముందు చందూ అన్నానని ఆమెకు తోచలేదు. అత్తగారికీ తోచలేదు.

అన్నవరం ఇంకా పది పదిహేను కిలోమీటర్లుంది. రోడ్డు పక్క మామిడిచెట్టు కింద ఒక కొబ్బరిబొండాల బండి. కారు అక్కడ ఆగీ ఆగకముందే నీలవేణి పరిగెత్తి డిక్కీ తలుపెత్తింది. లోపలినుంచి ఇడ్లీపాత్ర మూత తీసినట్టు ఆవిరి ఆమె ముఖానికి కొట్టింది. జాంగ్రీ పక్కకు పడి ఉన్నాడు. నాలుక ఇటుక రంగుకు తిరిగింది. కళ్లు తెరిచే ఉన్నాయి, దేన్నీ చూడడం లేదు.

నిజం చెప్పాలంటే ఆమెకు ఆ కుక్కతో పరిచయం తక్కువ. అంతకుముందు నాలుగుసార్లు చూసిందేమో, దూరంనుంచి తల నిమిరింది. ఇప్పుడు ముప్పై అయిదు కిలోల కుక్కను చంకల కింద చేతులు దూర్చి లాగి, భర్త చేతుల్లో పెట్టింది. నీడలో పడుకోబెట్టారు. హేమచంద్ర నీళ్ల సీసాలకు పరిగెత్తితే ఫోను ఆమే అందుకుని విజయవాడ డాక్టరుకు చేసింది.

“ఐసు వద్దు. మామూలు నీళ్లు. పొట్ట, తొడల సందు, పాదాలు తడపండి. విసరండి. నోట్లో బలవంతంగా పొయ్యకండి” అన్నాడాయన.

సీసాల్లో నీళ్లు రెండు నిమిషాలకు అయిపోయాయి. బొండాలమ్మే అతను తన డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చేశాడు.

“పొయ్యండి, పొయ్యండి, నీళ్లే కదండీ! అయ్యయ్యో, ఆయాసం చూడండి పాపం. చంటిపిల్లాడిలా ఉన్నాడండీ.”

విసరడానికి ఏమీ దొరకలేదు. రాజ్యలక్ష్మిగారు సంచీలో వెతికి, చేతికి తగిలింది తీసి, నేల మీద చతికిలబడి విసరడం మొదలుపెట్టింది. పంచాంగం. ఉదయం వర్జ్యం చూసిన పుస్తకమే. అట్ట ఊడిపోయేదాకా విసిరింది. “నేనేరా చేసింది, నేనే ఆలస్యం చేశాను” అని ఒకటే గొణుగుడు. హేమచంద్ర తడి చేతిని తల్లి భుజం మీద ఒకసారి ఉంచి తీశాడు.

కారప్పూస బండి కింద బురదలో పడుకుని తన సంగతి తను చూసుకుంది. వీధిలో పెరిగినదాని తెలివి.

చాలాసేపటికి జాంగ్రీ తోక కదిలింది, నేలను ఒక్కసారి కొట్టింది. నాలుక గులాబీరంగుకు తిరుగుతోంది. హేమచంద్ర ఏడ్చేశాడు. అప్పుడు నీలవేణి లేచి, తడిసిన చీరతోనే డిక్కీలోకి ఎక్కింది.

“తలుపు వెయ్యి చందూ.”

“ఎందుకు?”

“వెయ్యి. నేను తట్టేదాకా తియ్యకు.”

మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, తడికల మధ్య, చీకటి ఆవిరిలో, నా పక్కనే కూర్చుంది. మనిషి నా వెనక చివర దగ్గర కూర్చోవడం అదే మొదలు. ఇన్నాళ్లూ మనుషులందరూ ముందు చివరనే ఉన్నారు. ఆమె చెయ్యి చాపి నా వల మీద పెట్టింది. ఇంజను, బ్లోయరు నడుస్తూనే ఉన్నాయి. గాలి లేదు. అరచెయ్యి తిప్పి పెట్టింది. లేదు. మూడు నిమిషాలుంటుందేమో, ఆమె జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. తలుపు తట్టింది. దిగుతూనే నాలుగో తడికను తాడుతో సహా పీకి అవతల పారేసింది.

ఆ సందు తెరుచుకోగానే నాలోంచి గాలి దూకింది.

“దారి మూసేశాం చందూ. ఇక్కడ గాలి కదిలితే కదా చల్లబడేది! మనం వాసన చూసి చల్లగా ఉందనుకున్నాం.”

హేమచంద్ర నుదురు కొట్టుకున్నాడు. “సుభానీ చెప్పాడు. ఏదో చెప్పాడు. నేను... అప్పుడు నీకు మెసేజీ పెడుతున్నా.”

“ఏం మెసేజీ?”

“హార్టులు.”

ఆమె మళ్లీ డిక్కీలోకి ఎక్కి, “జాంగ్రీని ఇటివ్వు” అంది.

అక్కణ్ణుంచి విజయనగరం దాకా ఆమె అక్కడే కూర్చుంది. కుక్క తల ఒళ్లో, నా మెడ ఆమె చేతిలో. నా గాలిని అతని పొట్ట మీదికి, చెవుల వెనక్కి, పాదాల మీదికి నెమ్మదిగా తిప్పింది. ముందు సీటు ఖాళీగా ఉంది. నా బతుకులో అంతసేపు నన్నొకరు చేత్తో పట్టుకున్నది ఆ మూడుగంటలే. అనకాపల్లి దాటాక జాంగ్రీ గడ్డం నా మీద మోపి నిద్రపోయాడు. ఆ బరువుకు నా ముడతలు రెండు లోపలికి నొక్కుకుపోయాయి. మళ్లీ పైకి లేవలేదు.

పైడిరాజుగారు దీపాలవేళ గేటు తీసి, డిక్కీలోంచి దిగుతున్న కొత్తకోడల్ని చూసి నోరు తెరిచాడు.

“ఇదేటి బాబూ! ముందల సీటు కాళీగుండగా అమ్మాయిగోరిని డిక్కీలో ఎట్టుకొచ్చేసినారేటి?”

“కుక్కకి బాలేదండీ” అంటూ హేమచంద్ర గుమ్మం ముందు ముగ్గు చూసి ఆగాడు.

“ఓలమ్మ! అయితే ముందు దాన్ని లోపలికి తెండి. ముగ్గా? ముగ్గు రేపు మళ్లీ ఏసుకుంటాం లెండి, తొక్కీండి!”

ఆ తర్వాత రెండు వేసవులు జాంగ్రీ బతికాడు. జామచెట్టు కింద గుంట తవ్వుకుని అందులో పడుకునేవాడు. భీమిలికి, ఆస్పత్రికి, అప్పుడప్పుడు విజయవాడకు వెళ్లాం, ఎప్పుడూ చుక్కలుండగానే బయల్దేరేవాళ్లం. వెళ్లేముందు ప్రతిసారీ నీలవేణి డిక్కీలోకెక్కి తలుపు వేయించుకుని కూర్చునేది. నా నోటిముందు అరచెయ్యి పెట్టి, లోపలినుంచి “గాలి వస్తోంది!” అని అరిచేది. అప్పుడు జాంగ్రీని ఎక్కించేవారు. వీధిలోవాళ్లు విచిత్రంగా చూసేవారు. పైడిరాజుగారు మాత్రం, “మా లెక్చరరమ్మ డ్యూటీ చేస్తన్నాది” అని వాళ్లకు చెప్పేవాడు.

రెండో ఏడు చలికాలంలో జాంగ్రీ పోయాడు. వేడి వల్ల కాదు. ఒకరోజు పొద్దున వరండాలో ఎండకు పడుకుని లేవలేదు. పదకొండేళ్లు వచ్చాయి కదా.

నన్ను ఎవరూ తియ్యలేదు.

కారప్పూసకు డిక్కీ అంటే అన్నవరం రోజునుంచీ గిట్టదు, జాంగ్రీ కోసమే సర్దుకునేది. అతను పోయాక మధ్య సీటుకు మారిపోయింది, కిటికీలోంచి మూతి బయటికి పెట్టి ప్రయాణం చేస్తుంది. డిక్కీ ఖాళీ. ఏసీ వేసిన ప్రతిసారీ నేను ఆ ఖాళీలోకి చల్లగాలి పంపుతూనే ఉన్నాను. ఎవరూ లేని చోట చల్లగా ఉండడం ఎలా ఉంటుందో మీకు తెలుసా? ఒక పాత దుప్పటి, దాని మీద కొన్ని బంగారురంగు వెంట్రుకలు. నా గాలికి అవి లేచి, తిరిగి, మళ్లీ అక్కడే వాలేవి. రోజూ అవే. నేను వాటిని గుర్తుపట్టడం నేర్చుకున్నాను.

మనుషులు తెలివైనవాళ్లంటారు. ఈ ముగ్గురూ ఒక గొట్టం సంగతి మాట్లాడకుండా అయిదునెలలు గడిపారు. ముందు సీట్లకు చల్లగాలి చాలడం లేదని హేమచంద్రకు తెలుసు, ఎందుకో కూడా తెలుసు. బ్లోయరు ఇంకో అంకె పెంచి ఊరుకునేవాడు. ఏసీ సర్వీసుకు ఇచ్చినప్పుడు మెకానిక్ సీటు జరుపుతూ, “ఇది పీకెయ్యమంటారా?” అని అడిగితే, “ఉండనీండి, పనుంది” అన్నాడు. ఏ పనో చెప్పలేదు. మామిడిపళ్ల కోసం వచ్చిన రాజ్యలక్ష్మిగారికి ఇప్పుడు మోకాళ్లు వంగడం లేదు, నా వల్ల ఒక కాలు ముడుచుకునే కూర్చుంటుంది. గుడికి వెళ్లి వచ్చేదాకా అలాగే కూర్చుని, దిగాక కాలు రుద్దుకుంటుంది. ఒక్కమాట అనదు. ఒకసారి మాత్రం, ఎవరూ చూడడం లేదనుకుని, నా మీద పడిన దుమ్మును కొంగుతో తుడిచింది.

ఇవాళ సాయంత్రం నీలవేణి కాలేజీనుంచి వచ్చి కారు వరండా పక్కన ఆపింది. ఇంజను ఆపలేదు. దిగి వెనక్కి వచ్చి, తలుపెత్తి, నా ముందు అరచెయ్యి పెట్టి నిలబడింది. తర్వాత డిక్కీ అంచున కూర్చుని కాళ్లు వేలాడేసింది. హేమచంద్ర సుగంధి షర్బత్తు రెండు గ్లాసులతో వచ్చి పక్కన కూర్చున్నాడు. గ్లాసుల బయట నీటిబొట్లు. ఆమె ఒక బొట్టును వేలితో కిందికి నడిపించి, అది ఇంకో బొట్టును కలిసేదాకా చూసింది. అంత చిన్నదానికే ఆమె ముఖం వెలుగుతుంది, అప్పుడూ ఇప్పుడూ.

“ఏం చేస్తున్నావు?”

“రోజూ చేస్తున్నాను చందూ. కాలేజీ దగ్గర ఎక్కేముందు కూడా. గాలి వస్తోందో లేదో చూస్తున్నాను. వస్తోంది అని పైకే అంటున్నాను. ఇవాళ మా ఫస్టియర్ అమ్మాయిలు విన్నారు. ఎవరికి మేడమ్ అని అడిగారు.”

“ఏం చెప్పావు?”

“ఏం చెప్పలేదు. అటు చూస్తే ఎవరూ లేరు.”

హేమచంద్ర షర్బత్తు తాగకుండా గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. “నేను నెల కిందటే తీయించేవాణ్ణి. నువ్వేమంటావో అని...”

“నువ్వేమంటావో అని నేను.”

ఇద్దరూ కొంచెం నవ్వుకున్నారు. లోపలినుంచి రాజ్యలక్ష్మిగారి గొంతు వినిపించింది: “నన్ను అడిగితే కదర్రా! వచ్చినప్పట్నుంచీ నా కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక చస్తున్నా!” కారప్పూస ఆవిడ పక్కనుంచి బయటికి తొంగిచూసి, డిక్కీ దాకా వచ్చి, దుప్పటిని వాసన చూసి వెళ్లిపోయింది.

నీలవేణి నా మెడను పట్టుకుంది, ఆరోజు పట్టుకున్నట్టు కాదు, ఊరికే. జాంగ్రీ గడ్డం నొక్కిన చోట ఆమె బొటనవేలు కాసేపు ఆగింది. వెనక వల మీద చిక్కుకున్న ఒక వెంట్రుకను తీసి, చూసి, మళ్లీ దుప్పటి మీదే పెట్టింది. ఇంజను ఇంకా నడుస్తోంది. నేను ఇంకా గాలి పంపుతున్నాను. ఆమె కొంగు అంచు కదులుతోంది.

గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టి, భర్తతో కాదు, డిక్కీ లోపలికి చూస్తూ అంది:

“రేపు ఆదివారం. కాఫీలు తాగి, ఎండెక్కకముందే ఇద్దరం కలిసి తీసేద్దాం.”